విందు రాజుది, తేనె ఎవరిది?

అందరికీ నమస్కారం. పాత జర్మానిక్ తెగల, అంటే ఇప్పటి జర్మన్లు, ఇంగ్లీషువాళ్లు, నార్వేవాళ్ల పూర్వీకుల, విందుశాలల గురించి మాట్లాడమన్నారు. సినిమాల్లో చూసే ఉంటారు: పొడవాటి హాలు, మధ్యలో మంట, బల్లలు గుద్దుతూ గడ్డాలవాళ్లు. అదేం పూర్తి అబద్ధం కాదు. కాకపోతే సినిమావాళ్లు పశువుల్ని మర్చిపోతారు.

నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో బోర్గ్ అనే చోట 1981లో పొలం దున్నుతుంటే పాత ఇంటి ఆనవాళ్లు తేలాయి. తవ్వి చూస్తే వైకింగుల కాలపు దొర ఇల్లు, పొడవు 83 మీటర్లు. మన రైలు బోగీలు మూడు వరసగా పెట్టినా ఇంకా చోటుంటుంది. విందు గదిలో గాజు పాత్రల ముక్కలు, బొమ్మలు అచ్చుకొట్టిన సన్నని బంగారు రేకులు దొరికాయి. అదే కప్పు కింద, ఓ చివర పశువుల కొట్టం! పేడ వాసన మధ్యే బంగారం.

ఇంతకీ ఆ విందు దేనికి? క్రీ.శ. 98 ప్రాంతంలో రోమన్ రచయిత టాసిటస్ ఓ తమాషా సంగతి రాశాడు. పెళ్లి సంబంధాలు, యుద్ధం, సంధి, అన్నీ ఈ తెగలవాళ్లు విందులోనే మాట్లాడుకునేవాళ్లట. తాగినప్పుడు మనసులో మాట దాచలేరు కదా. తేల్చుకోవడం మాత్రం మర్నాడు, మత్తు దిగాకే.

ఇంగ్లీషులో ‘లార్డ్’ అనే మాటకు మూలం ‘హ్లాఫ్‌వేర్డ్’, అంటే రొట్టెకు కాపలా ఉండేవాడు. తిండి పెట్టేవాడే దొర. ఉప్పు తిన్న విశ్వాసం మనకు కొత్తేం కాదుగా. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు వీరకావ్యంలో ముసలి రాజు డ్రాగన్‌తో పోరాడుతుంటే పదిమంది అనుచరులు అడవిలోకి పారిపోతారు. ఒక్క విగ్లాఫ్ నిలబడి వాళ్లకు ఏం గుర్తుచేస్తాడు? దేశాన్ని కాదు. ఆ హాల్లో తాగిన తేనెకల్లును, పుచ్చుకున్న కడియాలను, అప్పుడు చేసిన బాసలను.

మరి ఆ తేనె ఎక్కడిది? ఈ ప్రశ్నకు కావ్యంలో జవాబు వెతక్కండి, చట్టంలో చూడండి. ఇంగ్లండ్‌లో వెసెక్స్‌ను 688 నుంచి 726 దాకా ఏలిన ఐనె రాజు శాసనంలో పది హైడ్ల భూమి నుంచి రావాల్సిన సరుకు రాసుంది. హైడ్ అంటే సుమారుగా ఒక కుటుంబం బతికేంత పొలం. 10 తొట్ల తేనె, 300 రొట్టెలు, రెండు రకాల బీరు, 2 పశువులు లేదా 10 పొట్టేళ్లు, 10 పెద్ద బాతులు, 20 కోళ్లు, 10 జున్ను ముద్దలు, వెన్న, 5 సాల్మన్ చేపలు, 100 ఈల్ చేపలు, పశువుల మేత.

నేను కూర్చుని పదితో భాగించాను. ఇంటికి ఒక తొట్టి తేనె, 30 రొట్టెలు, ఒక బాతు, రెండు కోళ్లు, పది ఈల్ చేపలు. ఈల్ పాములా జారిపోయే చేప. అల్లిన బుట్టలు నీళ్లలో వేసి, పొద్దున్నే వెళ్లి తీసుకురావాలి. సాల్మన్ మాత్రం రెండిళ్లకు ఒకటి. దాన్ని ఏ ఇంటివాళ్లు పట్టాలన్న తగాదా వాళ్లలో వాళ్లే తీర్చుకోవాలేమో.

ప్రశ్నలుంటే అడగండి.