స్వారీ పుస్తకానికి ఒలింపిక్ రజతం: రుడాల్ఫ్ బిండింగ్

సభకు నమస్కారం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ అనగానే మనకు ధ్యాన్‌చంద్, హాకీలో తొలి స్వర్ణం గుర్తొస్తాయి. అదే ఒలింపిక్స్‌లో రుడాల్ఫ్ బిండింగ్ అనే జర్మన్ రచయిత గుర్రపు స్వారీ మీద రాసిన ఓ చిన్న పుస్తకంతో రజతం గెలిచారు. అప్పటికి ఆయనకు అరవయ్యేళ్లు.

1912 నుంచి 1948 దాకా సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, వాస్తుకళల్లోనూ ఒలింపిక్ పతకాలుండేవి. రచనకు క్రీడతో సంబంధం ఉండాలన్నది ముఖ్య నియమం. 1928లో సాహిత్యాన్ని కవిత్వం, నాటకం, కథనం అని మూడు చేశారు. చిక్కు అక్కడే. బిండింగ్ పుస్తకం వచనం. అశ్వికదళ నియమావళి పద్ధతిలోనే సాగుతుంది గానీ, పాఠం చెప్పేది సిపాయికి కాదు, ప్రేయసికి! దాన్ని కవిత్వంలో వేశారు. హంగరీకి చెందిన ఫెరెన్స్ మెజో రాసిన ఒలింపిక్ క్రీడల చరిత్రకు కథన విభాగంలో స్వర్ణమిచ్చారు. నాటకంలో అసలు స్వర్ణమే ఇవ్వలేదు. ఇటలీ రచయిత లౌరో దె బోసిస్‌కు రజతంతో సరిపెట్టారు. కొలబద్ద లేని పోటీలో ఇంతకన్నా ఏం జరుగుతుంది?

బిండింగ్ 1867 ఆగస్టు 13న బాసెల్‌లో పుట్టారు. తండ్రి కార్ల్ పేరున్న న్యాయశాస్త్రవేత్త. కొడుకు న్యాయశాస్త్రం, వైద్యం రెండూ చదివారు, మనసు మాత్రం గుర్రాల మీదే. సాహిత్యంలోకి వచ్చేసరికి నలభై దగ్గరపడింది. మొదటి ప్రపంచయుద్ధంలో అశ్వికదళ అధికారి. అంటే స్వారీ గురించి రాసింది విని రాసింది కాదు, జీను మీద కూర్చుని నేర్చినది.

1933 దగ్గర ఆయన్ని వెనకేసుకు రావడం కష్టం. హిట్లర్ పాలనను ఫ్రెంచి రచయిత రొమెఁ రోలాఁ విమర్శిస్తే, ఆ పాలనను సమర్థిస్తూ బహిరంగంగా జవాబిచ్చారు. హిట్లర్‌కు విధేయత ప్రకటించిన 88 మంది రచయితల పత్రంలోనూ ఆయన పేరుంది. నాజీ పార్టీలో మాత్రం చేరలేదు. తోడుగా ఉన్న ఎలిజబెత్ యుంగ్మన్ యూదు మహిళ. యూదులతో ఇతర జర్మన్ల పెళ్లిళ్లను నిషేధించిన 1935 న్యూరెంబర్గ్ చట్టాల వల్ల ఆమెను పెళ్లాడే దారి లేదు. తను మెచ్చిన ప్రభుత్వమే ఆ దారి మూసింది. 1938 ఆగస్టు 4న బిండింగ్ ష్టార్న్‌బెర్గ్‌లో కన్నుమూశారు. తర్వాత యుంగ్మన్ ఇంగ్లండ్ చేరారు.

1928లో కథన విభాగంలో జర్మనీకే రజతం తెచ్చిన ఎర్నెస్ట్ వైస్ సంగతీ చెప్పాలి. ఆయన వైద్యుడు, యూదుడు, రచయిత కాఫ్కాకు మిత్రుడు. 1933లో బెర్లిన్ వదిలి ప్రాగ్, అక్కణ్నుంచి పారిస్ చేరారు. 1940 జూన్‌లో నాజీ సేనలు పారిస్‌లో అడుగుపెట్టినప్పుడు ప్రాణం తీసుకున్నారు.

ఈ ఇద్దరి రజతాలూ జర్మనీ అధికారిక పతకాల లెక్కలో కనిపించవు. వెతకాలంటే కళాపోటీల జాబితానే చూడాలి.