మిద్దె మీద మన్ను, ఇద్దరి మధ్య గోడ

అందరికీ నమస్కారం. గోడలు కట్టే బేల్దారులొచ్చారు, ఇంజనీరింగ్ చదివే పిల్లలొచ్చారు, ఈ వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే పాత మిద్దెను, అంటే రాతి గోడల మీద మన్ను కప్పు ఉన్న ఇంటిని, గట్టిచేసే పని వీళ్ళలో ఎవరు లేకపోయినా సగంలో ఆగిపోతుంది, అది నేను చూసి చెప్తున్నా.

మాదీ అనంతపురం వైపు ఇట్లాంటి ఊరే. వానలకు ముందు మా జేజి చౌడు మన్ను తోలించేది, గంపలు మోసేది పక్కింటోళ్ళు, వాళ్ళ మిద్దెకు మేము మోసేవాళ్ళం. అంతా బాగానే ఉండేది గానీ పాత మన్ను తియ్యకుండా ఏటికేడు కొత్తది పైన వేసుకుంటా పోయినాం. మన్ను ఒక అడుగు మందం ఉంటే చదరపు మీటరుకు దగ్గర దగ్గర 500 కిలోలు. 10 అడుగులకు 12 అడుగుల గది అనుకోండి, కింద పడుకున్న పిల్లల నెత్తిన 5 టన్నులు పైనే. వాన పట్టుకుంటే అదే మన్ను నీళ్ళు తాగి ఇంకా బరువెక్కుతుంది, మన్ను కింద వేసిన కట్టెలు, అవే దంతెలు, చెదలు పట్టి ఉంటే ఇంక చెప్పే పనే లేదు.

ఈ బరువు ఏం చేస్తుందో మహారాష్ట్రలో కిల్లారి భూకంపంలో చూశాం. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కావస్తుంది, వినాయక నిమజ్జనం చేసొచ్చి జనం మంచి నిద్రలో ఉన్నారు. హైదరాబాద్‌లో కూడా కదలిక తెలిసింది. తీవ్రత 6.2 అటూఇటూ, ఇంతకన్నా పెద్ద భూకంపాలు ప్రపంచంలో చాలా వచ్చాయి, కానీ లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో వేలమంది పోయారు. అక్కడి ఇళ్ళు కూడా మన మిద్దెల్లాంటివే. రెండడుగుల పైన మందం రాతి గోడ, మట్టి అడుసు, పైన దూలాలు, వాటి మీద మన్ను.

ఇంత మందం గోడ ఎట్లా పడుతుందని అందరూ అడుగుతారు. బయటికి ఒక గోడలా కనిపిస్తుంది గానీ లోపల రెండు గోడలు. బయటి ముఖం ఒక వరస, లోపలి ముఖం ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ. రెండు ముఖాల్నీ పట్టుకునే పొడుగు రాయి లేకపోతే ఊపు రాగానే ఒకటి అటు, ఒకటి ఇటు విడిపోతాయి. వాన నీళ్ళు దిగినా ఇదే, కాకపోతే నిదానంగా. అందుకే తప్పు రాయిది కాదు, మన్నుది కాదు, కట్టు లేకపోవడానిది.

దీనికి ఇల్లు కూల్చక్కర్లేదు. ముందు మిద్దె మీద అదనపు మన్ను దించాలి. తర్వాత గోడలో చదరపు మీటరుకు ఒకటి లెక్కన రాళ్ళు తీసి ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా బొక్క చేసి, రెండు కొసలా కొక్కీ వంచిన ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీట్ నింపాలి. గునపంతో బాదితే ఉన్న గోడ కూడా జారుతుంది, చిన్న కడ్డీతో రాయిని కదిలించి కదిలించి తియ్యాలి, ఆ చెయ్యి బేల్దారిది, మా ఇంజనీర్ల డ్రాయింగ్‌లో ఉండదు.

కిల్లారి తర్వాత వెయ్యికి పైగా ఊళ్ళలో మరమ్మతు డబ్బులు ఇంటివాళ్ళకే ఇచ్చారు, వాళ్ళకీ సర్కారు ఆఫీసుకీ మధ్య మాట నడపడానికి ఊరి ఆడవాళ్ళనే సంవాద్ సహాయక్‌లుగా పెట్టారు. నాకు చాలా నచ్చిన పని అది. కానీ చాలామంది ఆ డబ్బుతో పాత గోడను బాగు చేసుకోలేదు, పక్కన ఇటుకతో ఒక గది కట్టుకున్నారు, రాయంటేనే భయం పట్టుకుంది పాపం. ఒక్క గోడను అందరి ముందు బాగు చేసి చూపిస్తే తప్ప ఆ భయం పోదని నేను నమ్ముతున్నా.

ఇంక మా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఊళ్ళో ఒకే ఇంటివాళ్ళు అడిగారని పని మొదలుపెట్టాం. గోడ ఉమ్మడిది, అవతలి వాళ్ళ దంతెలు కూడా దాని మీదే ఉన్నాయి, మేం ఇవతల రాళ్ళు తీస్తుంటే అవతల వాళ్ళ వంటింట్లో మట్టి రాలింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు అవతలింటి పెద్దమ్మ వచ్చి, "నాయనా, నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని కదా, ఏటా ఎర్రమన్ను పూసేటప్పుడు ఆ మూల చేతికి ఉబ్బు తగుల్తా ఉంది" అనింది. మా టేప్‌కీ లెవెల్‌కీ దొరకని ఉబ్బు అది. ఆ రోజు నుంచి గోడకు రెండు వైపులా ఉన్నోళ్ళు కూర్చొని ఒప్పుకోకుండా నేను ఒక్క రాయి కూడా తియ్యనివ్వలేదు.

అందుకే ఇక్కడ కూడా ఇంటికి ఇల్లు కాదు, వీధికి వీధి చేద్దాం. రేపు పొద్దున ఏడుకల్లా రామాలయం పక్క వరసలో మొదలుపెడతాం. అమ్మల్లారా, ముందు మీరు నడవండి, గోడ మీద చెయ్యి పెట్టి ఎక్కడ ఉబ్బుందో, ఎక్కడ నెమ్ము దిగుతుందో చూపించండి, పిల్లలు అక్కడ సున్నంతో గుర్తు పెడతారు, బేల్దారులు తట్టి చూసి ఔనో కాదో చెప్తారు. లెక్కలు మధ్యాహ్నం కూర్చొని చూసుకుందాం.