విక్కా ఒక దారి, పేగనిజం ఒక ఊరు కాదు

అందరికీ నమస్కారం.

విక్కా అంటే మంత్రవిద్యను కూడా పాటించే ఒక మతం. ఆ పేరు వినగానే, క్రైస్తవం రాకముందు యూరప్‌లో ఉన్న పాత మతం ఇదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది వందేళ్లు కూడా నిండని మతం. మలయాలో (నేటి మలేషియాలో భాగం) కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరై 1936లో ఇంగ్లండ్ చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్ దీన్ని లోకానికి చెప్పాడు. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రహస్య బృందం 1939లో తనకు దీక్ష ఇచ్చిందన్నాడు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాత 1954లో ఈ మతం గురించి ఆయన పుస్తకం వచ్చింది.

ప్రాచీన కాలం నుంచి మంత్రగత్తెల మతం ఒకటి చాటుమాటుగా బతికి వచ్చిందని మార్గరెట్ మర్రే అనే పరిశోధకురాలు 1921లో వాదించింది. గార్డ్‌నర్ దాన్నే నమ్మాడు. చరిత్రకారులు ఇప్పుడు దాన్ని ఒప్పుకోరు. ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం తంతులు, మంత్రసాధకుడు అలిస్టర్ క్రౌలీ రాతలు, జానపద ఆచారాలు కలిపి ఈ మతం రూపుదిద్దుకుందని చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ వివరంగా చూపించాడు. దీంతో విక్కా విలువ తగ్గిందని నేననుకోను. 1953లో గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే క్రౌలీ మాటల్ని చాలావరకు తీసేసి, పూజా పాఠాన్ని తన చేత్తో తిరగరాసింది. అమ్మవారే భక్తులతో మాట్లాడుతున్నట్టుగా ఆమె మలిచిన పాఠాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. కొత్త మతానికి ఇంత మంచి కవి దొరకడం అదృష్టమే.

మరి పేగనిజం? అది ఒక మతం పేరు కాదు, క్రైస్తవానికి ముందున్న దేవతల్ని, ప్రకృతిని కొలిచే పలు సంప్రదాయాల ఉమ్మడి పేరు. ప్రాచీన కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లు, ఉత్తర యూరప్ దేవతల్ని కొలిచేవాళ్లు, గ్రీకు దేవతల్ని మళ్లీ పూజిస్తున్నవాళ్లు, విక్కా వాళ్లు, అందరూ ఆ మాట కిందికే వస్తారు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74,000 మంది తమ మతం పేగన్ అని రాశారు. విక్కా అని విడిగా రాసినవాళ్లు సుమారు 13,000.

విక్కాకూ మిగతా పేగన్లకూ తేడా పూజ దగ్గర బాగా కనిపిస్తుంది. విక్కాలో ముందు వలయం గీస్తారు. నల్ల పిడి కత్తి పట్టుకుని గాలిలోనే గీస్తారు, ఆ కత్తితో దేన్నీ కోయరు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమర నీటిని, ఉత్తరాన భూమిని పిలుస్తారు. తర్వాత అమ్మవారిని, కొమ్ముల దేవుణ్ణి ఆహ్వానిస్తారు. మంత్రశక్తి ఇక్కడ మతంలో భాగం. గార్డ్‌నర్ సంప్రదాయంలోనైతే దీక్ష మూడు మెట్లుగా ఉంటుంది, గురువు లేకుండా లోపలికి వెళ్లలేరు. ఒంటరిగా సాధన చేసేవాళ్లు ఆ తర్వాత చాలామంది వచ్చారనుకోండి.

ఇప్పుడు ఐస్‌లాండ్ చూడండి. స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్సన్ అనే రైతు, కవి, కొందరితో కలిసి 1972లో ఉత్తర యూరప్ పాత దేవతల్ని కొలిచే ఆసాత్రూ సంఘం పెట్టాడు. 1973లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వాళ్ల సభలో ఆ దేవతల కథలున్న పాత ఎడ్డా పద్యాలు చదువుతారు, పానీయం నిండిన కొమ్మును చేతులు మారుస్తూ తాగుతారు. విక్కా వలయం, నాలుగు దిక్కుల పిలుపు వాళ్ల పద్ధతి కాదు. వాళ్లను విక్కా అంటే ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

విక్కా, పేగనిజం ఒకటేననుకునే గందరగోళానికి అసలు కారణం పండుగలు. ఏడాదికి ఎనిమిది పండుగల చక్రం గార్డ్‌నర్ బృందంలోనూ, ఆయన స్నేహితుడు రాస్ నికోల్స్ నడిపిన డ్రూయిడ్ల దగ్గరా స్థిరపడి, అక్కడి నుంచి చాలామంది పేగన్లకు పాకింది. శరత్ విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) మేబన్ అనే పేరైతే 1970లలో అమెరికాలో పెట్టిందే. దాన్ని వేల ఏళ్ల పండుగగా ప్రచారం చేయడం తప్పు.

బతుకమ్మ, బోనాలు కూడా విక్కా లాంటివే కదా అని మన పిల్లలు అడుగుతుంటారు. దేవత ఆడది కావడం ఒక్కటే చాలదు. బతుకమ్మ పాటను అమ్మ దగ్గర కూతురు నేర్చుకుంటుంది. విక్కాను మాత్రం మొదటి తరం వాళ్లు పెద్దయ్యాక, తెలిసి తెలిసి ఎంచుకున్నారు. కాబట్టి విదేశాల్లో ఎవరైనా ‘నేను పేగన్‌ని’ అంటే, ‘మీది ఏ సంప్రదాయం?’ అని మర్యాదగా అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు.