ఒళ్ళు చేశావంటే సంబరపడకండి: స్టెరాయిడ్ పౌడరు మధ్య పనిచేసేవాళ్ళతో కాసేపు

అందరికీ నమస్కారం. నైట్ షిఫ్ట్ చేసి ఇల్లు కూడా చేరకుండా నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారు, కాబట్టి సోది లేకుండా విషయంలోకి వెళ్తాను. బెంగుళూరులో బొమ్మసంద్ర, జిగణి, పీణ్య వైపు మందుల యూనిట్లలో మన అనంతపురం, చిత్తూరు, కర్నూలు వాళ్ళు చాలామందే ఉన్నారు. డిస్పెన్సింగ్, గ్రాన్యులేషన్, కంప్రెషన్, ప్యాకింగ్, క్లీనింగ్, ఇలా తలా ఒక చోట. మీలో కొందరు డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ పౌడర్లు చేత్తో ముట్టుకునేవాళ్ళు. ఈరోజు మాట వాటి గురించే.

ముందే చెప్తున్నా, ఈ మందుల మీద నాకు కోపం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళ జబ్బుతో మంచం పట్టిన ఒకావిడకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చి వెంటిలేటర్ మీదకు చేరినవాళ్ళలో చావుల్ని దాదాపు మూడో వంతు తగ్గించింది రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోనే. రోగికి ప్రాణం పోసే మందే. కానీ మీరు రోగులు కారు కదా. మీకెవరూ చీటీ రాయలేదు, డోసు లెక్కపెట్టలేదు, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు.

డోసు సంగతి కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ చేసే పనిని 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేస్తుంది, అదే పనికి డెక్సామెథసోన్ ముప్పావు మిల్లీగ్రాము చాలు. మీ స్కూప్‌కి అంటుకున్న ఒక్క గ్రాము పౌడరులో అర మిల్లీగ్రాము మాత్రలు 2,000 ఉన్నట్టు. ఇప్పుడు గాలి లెక్క. ఎనిమిది గంటల షిఫ్టులో పని చేసే మనిషి సుమారు 10 ఘనమీటర్ల గాలి పీలుస్తాడని లెక్కేస్తారు. గాలిలో ఘనమీటరుకు 100 మైక్రోగ్రాముల డెక్సామెథసోన్ ఉందనుకోండి, షిఫ్టు అయ్యేసరికి లోపలికి పోయేది 1 మిల్లీగ్రాము. అదంతా రక్తంలోకి వెళ్ళదు సరే, సగమే వెళ్ళిందనుకున్నా రోజుకో అర మిల్లీగ్రాము మాత్ర మింగినట్టే, ఆదివారం సెలవులు పోను నెలకు పాతిక మాత్రలు.

మరి ఆ 100 మైక్రోగ్రాములు కంటికి కనబడతాయా అంటే, కనబడవు. మన దేశంలో ఊరి గాలికి పీఎం10 అనే సన్నటి దుమ్ము పరిమితే 24 గంటల సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్లో నిలబడి పీల్చే దుమ్ముతో పోలిస్తే అది గొప్ప శుభ్రమైన గాలి. అందుకే “మా రూములో దుమ్మే లేదు సార్” అని ఎవరైనా అంటే నాకు భరోసా కలగదు. గాలిలో ఎంత పౌడరు ఉండొచ్చో చెప్పడానికి బలమైన మందులకు కంపెనీలు పెట్టుకునే బ్యాండు 4 అంటే సాధారణంగా ఘనమీటరుకు 1 నుంచి 10 మైక్రోగ్రాములు. దాన్ని కళ్ళతో కొలవలేం. కాలరుకు చిన్న పంపు, ఫిల్టరు తగిలించి షిఫ్టంతా గాలి లాగి ల్యాబులో చూడాల్సిందే.

ఇక ఒంట్లో ఏం జరుగుతుంది? యాసిడ్ అయితే మండుతుంది, అమ్మోనియా అయితే ముక్కు పట్టేస్తుంది, మనిషి పరిగెడతాడు. ఈ పౌడరు అలా కాదు, మొదట్లో హాయిగా ఉంటుంది! ఆకలి బాగా వేస్తుంది, మోకాలి నొప్పులు పోతాయి, ముఖం గుండ్రంగా నిండుతుంది. పండక్కి ఊరెళ్తే మేనత్త చూసి “ఒళ్ళు చేశావురా, బెంగుళూరు నీళ్ళు పడ్డాయి” అని మురిసిపోతుంది. కాళ్ళూ చేతులూ సన్నబడుతుంటే పొట్ట మాత్రం పెరగడం, పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, బీపీ, షుగరు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ మెల్లగా తర్వాత వస్తాయి. ఏళ్ళు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. ఇన్ఫెక్షన్లకు దారి తెరుస్తుంది, పైగా వచ్చిన జ్వరాన్ని బయటపడనివ్వదు. ఒంట్లో నిద్రపోతున్న టీబీ లేచి కూర్చోవచ్చు కూడా, మన దేశంలో ఆ భయం చిన్నది కాదు.

దీనికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తూ ఉంటే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ హార్మోను) తయారీని తగ్గించేస్తాయి. వారాలు, నెలలు అలాగే నడిస్తే అవి మళ్ళీ వెంటనే పుంజుకోలేవు. మీరు పదిహేను రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళారు, లేదా ఉద్యోగం మారారు. పౌడరు ఆగిపోయింది, ఒంట్లోదీ చాలదు. విపరీతమైన నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం. అదే సమయంలో జ్వరమో, యాక్సిడెంటో, ఆపరేషనో వచ్చిందంటే ప్రాణం మీదకు వస్తుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి “వీక్‌నెస్” అంటాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ బాగుండి, సెలవులో జబ్బు పడటం ఈ పౌడరు గుర్తు. ఇది నా ఊహ అనుకోకండి, స్టెరాయిడ్లు తయారుచేసే కార్మికులలో ఈ గ్రంథులు మందగించాయని 1978లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఎక్కడ ఎక్కువ తగులుతుంది? మెషిన్ నడిచేటప్పుడు కాదు, మూత తీసినప్పుడు. డ్రమ్ములోంచి తూకం వేయడం, సిఫ్టర్‌లో, అంటే జల్లెడ మెషిన్‌లో పోయడం, పౌడరు ఆరబెట్టే ఎఫ్‌బీడీ మెషిన్ బ్యాగు దులపడం, శాంపిల్ తీయడం. ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు: ఖాళీ పాలిబ్యాగు ముడేసే ముందు గాలి పోవడానికి గుండెకు అదుముకుని నొక్కుతారు చూడండి, ఆ పొగంతా నేరుగా ముఖానికే! మెల్లగా మడిచి ముడేయండి, డౌన్‌ఫ్లో బూత్ లోపలే. బూత్‌లో కూడా గాలి పైనుంచి కిందికి దిగి అవతలికి పోతున్నప్పుడు దానికి అడ్డంగా తల పెట్టి వంగితే బూత్ ఉన్నా లేనట్టే.

నన్నడిగితే మాస్కు చివరి మాట. మొదటి మాట, పౌడరు బయటికి రాకుండా మూసి ఉన్న పైపులు, వాల్వులు, ఐసోలేటరు అనే మూసిన పెట్టె, ఆ తర్వాత గాలి లాగే ఏర్పాటు. అవన్నీ ఖర్చు కాబట్టి మేనేజ్‌మెంట్లకు మాస్కు మీద ప్రేమ ఎక్కువ. సరే, ఆ మాస్కైనా సరిగ్గా పెట్టుకోండి. ఆసుపత్రిలో కట్టుకునే మూడు పొరల గుడ్డ దీనికి పనికిరాదు. గడ్డం ఉంటే బిగుతు మాస్కు ముఖానికి అంటదు, పక్కల నుంచి గాలి దూరుతుంది, మాస్కు ముఖానికి సరిగ్గా అంటుతోందో చూసే ఫిట్ టెస్ట్ చేయించుకోవాలి. ఓపెన్‌గా పనిచేయక తప్పనిచోట బ్యాటరీ ఫ్యాను, హెపా ఫిల్టరు (అతి సన్నటి దుమ్మును ఆపేది) ఉన్న హుడ్ అడగండి.

కిందపడితే చీపురు వద్దు, కంప్రెస్డ్ ఎయిర్ అస్సలు వద్దు. ఒంటి మీది దుమ్మును ఎయిర్ గన్‌తో దులుపుకోవడం ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది, దయచేసి మానేయండి. తడిగుడ్డ మెల్లగా పరిచి తుడవాలి, లేదా హెపా ఫిల్టరు ఉన్న వ్యాక్యూమ్ వాడాలి. డెక్సామెథసోన్ మామూలు నీళ్ళలో కరగదు, అందుకే ఉత్త నీళ్ళతో అలికితే ఒకచోటిది ఇంకోచోటికి పోతుంది, అంతే. డిటర్జెంట్ కావాలి. చేతికంటితే సబ్బూ నీళ్ళూ, సాల్వెంట్ మాత్రం వద్దు, అది చర్మాన్ని ఎండబెట్టి మందును లోపలికి పంపుతుంది. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి. సన్నటి పౌడరు గాలిలో దట్టంగా లేచి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది కూడా, ఎర్తింగ్ తీగ ఊడితే బిగించేదాకా పౌడరు పోయకండి.

గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ముందే చెప్పి వేరే సెక్షన్‌కు మారాలి, ఈ పౌడర్లలో చాలావాటి సేఫ్టీ షీటులో కడుపులో బిడ్డకు హాని అని రాసి ఉంటుంది. సూపర్‌వైజరుకు చెప్పడానికి మొహమాటం వేస్తుందని తెలుసు, అయినా చెప్పండి. యూనిఫాం ఇంటికి తీసుకెళ్ళి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. గుట్కా, టీ, సెల్‌ఫోను, మూడూ లాకరులోనే ఉండాలి.

ఆ సేఫ్టీ షీటు చూపించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికుడికి చెప్పాల్సిన బాధ్యత యాజమాన్యం మీద పెట్టారు. కాంట్రాక్టు అయినా సరే, అడగండి. ఏడాదికోసారి చేసే మెడికల్‌లో బీపీ, షుగరు, ఎక్స్‌రేతో సరిపెట్టకుండా ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూడమనండి. మధ్యాహ్నం తీస్తే మామూలుగానే తక్కువ ఉంటుంది, ఆ అంకెకు అర్థం లేదు. ముఖం ఉబ్బి ఉండి కార్టిసాల్ మాత్రం బాగా తక్కువ వచ్చిందంటే స్టెరాయిడ్ బయటి నుంచి వస్తోందని డాక్టరుకు అర్థమవుతుంది, కానీ మీరేం పని చేస్తారో చెబితేనే. పౌడరు పేరు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళకూ చెప్పండి, ఏ ఆపరేషనుకైనా ముందు అది చూపించండి. తక్కువ వచ్చిందని కంగారుపడి ఎవరో చెప్పిన మాత్రలు మొదలుపెట్టడం, మానడం మాత్రం చేయొద్దు, అది ఎండోక్రైన్ డాక్టరు, అంటే హార్మోన్ల డాక్టరు పని.

ఇక మీరు అడగండి. ముందు లాండ్రీలోనూ, రూములకు గాలి పంపే ఏహెచ్‌యూ మెషిన్ల ఫిల్టర్లు కడిగే చోటా పనిచేసేవాళ్ళు అడగాలి, ఎందుకంటే ట్రైనింగ్‌కు మిమ్మల్ని ఎవరూ పిలవరు, పౌడరంతా చివరికి చేరేది మీ దగ్గరికే. వెనక వరసలో అక్కా, మీరే మొదలుపెట్టండి.