రికార్డు చెరగదు, చేతులు మారుతుంది
(హైదరాబాద్‌లో న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫోను, ఇంటర్నెట్ వాడకం వివరాలను కంపెనీలు దాచి ఉంచాలని ప్రభుత్వాలు పెట్టే నిబంధనల నుంచి తప్పించుకోవడం సాధ్యమా అన్నది ఈ రోజు నాకిచ్చిన ప్రశ్న. కొంతవరకు సాధ్యమే. కాకపోతే తప్పించుకున్నామనుకునే చాలామంది తమ రికార్డును ఇంకొకరి చేతిలో పెట్టి వస్తున్నారు. ఆ ఇంకొకరు ఎవరో చూసుకోవడం లేదు.

ముందు దాస్తున్నదేమిటో చూద్దాం. నాంపల్లి కోర్టుల వరండాలో కాసేపు నిలబడితే సీడీఆర్, అంటే కాల్ వివరాల రికార్డు, అనే మాట మీ చెవిన పడుతుంది. అందులో సంభాషణ ఉండదు. ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఎప్పుడు, ఎన్ని సెకన్లు మాట్లాడారు, ఏ టవర్ పరిధిలో ఉన్నారు, వాడిన ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరేమిటి, ఇవే ఉంటాయి. ఇంటర్నెట్ వాడకానికి ఇలాంటిదే ఐపీడీఆర్. ఒకప్పుడు వీటిని ఏడాది ఉంచితే సరిపోయేది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు సవరించి కనీసం రెండేళ్లు చేసింది. ఈ మార్పు పార్లమెంటులో చర్చకు వచ్చి అయినది కాదు. కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య లైసెన్సులో ఒక షరతు, అంతే. షరతు మన గురించి, సంతకాలు వాళ్లవి.

సంభాషణ లేదు కదా, భయమెందుకని అడిగేవారికి జర్మనీ సంగతి చెబుతాను. గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టె ష్పిట్జ్ తన టెలిఫోను కంపెనీతో న్యాయపోరాటం చేసి, తన గురించి అది దాచిన ఆరు నెలల వివరాలు తెచ్చుకున్నారు. 35 వేలకు పైగా నమోదులు. 2011లో ఒక పత్రిక వాటిని మ్యాపు మీద పరిచింది. ఆయన ఏ ఊరికి ఎప్పుడు బయలుదేరారో, రాత్రి ఎక్కడ ఉన్నారో అందరూ చూశారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం 15 లక్షల మంది ఫోను జాడలను పరిశీలించి, సమయంతో సహా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని మిగతావారి నుంచి విడిగా గుర్తించవచ్చని తేల్చింది. రాత్రి మియాపూర్, పగలు గచ్చిబౌలి, శుక్రవారం మధ్యాహ్నం ఒక మసీదు వీధి, నెలకోసారి బంజారాహిల్స్‌లో కేన్సర్ ఆసుపత్రి. ఇక పేరుతో పనేముంది?

సరే, తప్పించుకునే దారులు. సిమ్ మార్చేస్తే చాలనుకోవడం అన్నిటికంటే అమాయకమైనది. ఐఎంఈఐ అదే ఉంటుంది. ఫోను కూడా మార్చారనుకోండి, పడుకునే చోటూ ఫోను చేసే మనుషులూ మారరు కదా. ఐఎంఈఐనే తారుమారు చేయడం, మోసంతో సిమ్ సంపాదించడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరాలు. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. ఆ దారుల గురించి ఇక్కడ ఇంకేమీ చెప్పను.

రెండో దారి చట్టబద్ధమైనది, చాలామంది తెలియకుండానే నడుస్తున్నది. యాప్‌లో చేసిన కాల్ మామూలు సీడీఆర్‌లోకి ఎక్కదు. ఫలానా సర్వరుకు డేటా వెళ్లిందని మాత్రమే టెలికాం కంపెనీకి తెలుస్తుంది. 2015లో ఆస్ట్రేలియా రెండేళ్ల నిల్వ చట్టం తెస్తున్నప్పుడు, ఆ బిల్లు బాధ్యత మోస్తున్న మంత్రి మాల్కమ్ టర్న్‌బుల్ టీవీ ఇంటర్వ్యూలో ఈ సంగతే వివరించారు. చట్టాన్ని సమర్థిస్తూనే దానికున్న కంతను వేలుపెట్టి చూపించారన్నమాట! అయితే యాప్ కంపెనీ దగ్గర ఏముంటుందన్నది వేరే ప్రశ్న. 2016లో అమెరికాలో, నేరారోపణ చేయాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ వివరాలు కోరితే, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ సంస్థ ఇవ్వగలిగినవి ఖాతా తెరిచిన సమయం, చివరిసారి అనుసంధానమైన తేదీ, అంతే. నా దృష్టిలో నిజమైన తప్పించుకోవడమంటే ఇదే. అసలు రాసిపెట్టనిదాన్ని ఏ ఉత్తర్వుతోనూ రాబట్టలేరు.

మన ఇంటర్నెట్ వాడకాన్ని తన సర్వరు మీదుగా మళ్లించే వీపీఎన్ అలాంటిది కాదు. టెలికాం కంపెనీ కళ్లు కప్పి, ఆ చూపును వీపీఎన్ కంపెనీకి అప్పగిస్తారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, వీపీఎన్ సంస్థలు చందాదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ వివరాలు అయిదేళ్లు ఉంచాలంది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ వంటివి తమ సర్వర్లను మన దేశం నుంచి తీసేశాయి. ఉచితంగా దొరికే వీపీఎన్‌ల మాట ఎత్తకపోవడమే మేలు.

మన డేటాను ఒకదాని తర్వాత ఒకటిగా పలు కంప్యూటర్ల మీదుగా తిప్పి జాడ దాచే టార్ ఇంకాస్త గట్టిది. అయినా 2013లో హార్వర్డ్ విద్యార్థి ఒకరు పరీక్ష తప్పించుకోవడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు మెయిల్ పంపి దొరికిపోయాడు. టార్ గుట్టు విప్పింది ఎవరూ లేరు. ఆ సమయానికి విశ్వవిద్యాలయ వైఫైలో టార్ వాడినవారెవరని చూశారు, వెళ్లి అడిగారు, ఒప్పుకున్నాడు.

సాంకేతిక ఉపాయాలు తెలిసినవారికి, అదీ కొంతకాలం, పనికొస్తాయి. కానీ ఒక సమయంలో ఒక టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటి జాబితా, అంటే టవర్ డంప్, తీసినప్పుడు అక్కడి చౌరస్తాలో ఇడ్లీ తింటున్నవాళ్ల నంబర్లూ వస్తాయి. వాళ్లకు దిక్కు న్యాయస్థానమే. ఐరోపా సమాఖ్య 2006లో తెచ్చిన నిల్వ ఆదేశాన్ని 2014 ఏప్రిల్ 8న వారి న్యాయస్థానమే కొట్టేసింది. మనకూ ఒక తీర్పు ఉంది, అదీ హైదరాబాద్ పేరు మీద. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణతో, కలెక్టర్ అనుమతించిన ఏ వ్యక్తయినా బ్యాంకులో ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేసే వీలు కలిగింది. కెనరా బ్యాంకు కోర్టుకెళ్లింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వేసిన అప్పీలును 2004లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పత్రాలు బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన వాటిపై మనిషికున్న గోప్యత పోదని చెప్పింది. బ్యాంకు ఉన్న చోట టెలికాం కంపెనీని పెట్టి చదవండి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన పుట్టస్వామి తీర్పును అందరూ ఉదహరిస్తారు, దీన్ని మరిచిపోతారు.

చివరగా, దాచినదానికి కాపలా సంగతి. 2013లో రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న అరుణ్ జైట్లీ కాల్ వివరాలు అక్రమంగా తీసేందుకు ప్రయత్నించిన కేసులో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ ఒకరు అరెస్టయ్యాడు. ఆ తర్వాత ఎస్పీ స్థాయికి తగ్గని అధికారే అడగాలన్న కట్టుదిట్టం వచ్చింది. కాబట్టి రేపు మీ చేతికి సీడీఆర్ ఉన్న ఛార్జిషీటు వస్తే, ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద జతచేయాల్సిన సర్టిఫికెట్ ఉందా అని చూసి ఆగిపోకండి. దాన్ని ఎవరు అడిగారు, ఏ హోదాలో, ఏ తేదీన, ఏ కారణం రాసి అడిగారు అన్న లేఖను కోర్టు ముందు పెట్టమని దరఖాస్తు వేయండి. ఇక మీ ప్రశ్నలు.