యాక్సెస్‌లో పసుపు పట్టీ రాకుండా చేయాలంటే మాక్రో సెక్యూరిటీ మొత్తం తీసేయకండి

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. వివరాలు దాచి లెక్కలు చూసుకునే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసిన పాత ప్రోగ్రాములు ఇప్పటికీ వాడుతున్న వాళ్ళ కోసం ఈ వీడియో. ఫైల్ తెరవగానే పైన పసుపు రంగు పట్టీ వస్తుంది చూడండి, సెక్యూరిటీ వార్నింగ్ అని, పక్కనే ఎనేబుల్ కంటెంట్ అని బటన్. అది రాకుండా చేయడం ఎలా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, ఐదు నిమిషాల పని. కానీ మన దగ్గర చాలాచోట్ల చేసి పెడుతున్న పద్ధతి మాత్రం నాకు భయం పుట్టిస్తోంది.

పోయిన మామిడి సీజన్‌లో చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీకి వెళ్ళాను. తోతాపురి కాయ దిగే రోజులు. గేటు బయట ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. లోపలికి వచ్చిన ప్రతి బండీ ముందు కాటా ఎక్కాలి. లోడు బరువు ఒకసారి, కాయ దించాక ఖాళీ బండి బరువు ఒకసారి. ఆ రెండింటికీ తేడా తీసి చీటీ ఇచ్చేది కాటా రూంలో ఉన్న యాక్సెస్ ప్రోగ్రామే. రైతుకు డబ్బు లెక్క కట్టేది ఆ చీటీ చూసే.

నేను అక్కడ ఉండగానే ఒక బండి కాటా ఎక్కింది. ఆపరేటర్ కుర్రాడు ప్రింట్ బటన్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. కిటికీ దగ్గర నిలబడిన పెద్దాయన, "ఏమప్పా, ఇంకా ఎంతసేపు? రాత్రి నుంచి లైన్లో ఉండాము" అన్నాడు. కుర్రాడి చెయ్యి వణుకుతోంది. పైన చూస్తే పసుపు పట్టీ అలాగే ఉంది. "పొద్దున తెరిచేటప్పుడు ఎనేబుల్ నొక్కేది మర్చిపోయినానన్నా" అన్నాడు. ఆ బటన్ నొక్కకపోతే ఫైల్ తెరుచుకుంటుంది, పాత వివరాలు కనబడతాయి, కానీ లోపల రాసిన కోడ్, అంటే మాక్రోలు, పనిచేయవు. ప్రింట్ బటన్ వెనక ఉన్నది కోడే కదా.

సరే, ఒకసారి నొక్కితే చాలు కదా, రోజూ ఎందుకు అడుగుతోంది? యాక్సెస్ 2007లో అయితే తెరిచిన ప్రతిసారీ అడుగుతుంది. 2010 నుంచి, ఒకసారి ఎనేబుల్ చేసిన ఫైల్‌ను గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడున్నది కొత్త వెర్షనే. అయినా రోజూ వస్తోంది. కుర్రాడు పని చేసే తీరు చూస్తే కారణం తెలిసింది. బ్యాకప్ కోసం అతను రోజూ ఫైల్‌ను కాపీ చేసి, పేరు చివర తేదీ పెట్టి, ఆ కొత్త ఫైల్‌లోనే ఆ రోజు పని మొదలుపెడుతున్నాడు. గుర్తుపెట్టుకున్నది నిన్నటి ఫైల్‌ను. పేరు మారినా, ఉన్న చోటు మారినా అది యాక్సెస్‌కు కొత్త ఫైలే. బ్యాకప్ తీయడం చాలా మంచి అలవాటు. కాకపోతే తేదీ పెట్టాల్సింది పక్కన దాచే కాపీకి. పని చేసే ఫైల్ పేరు ఎప్పుడూ ఒకటే ఉండాలి.

ఈలోపు ఎవరో వచ్చి ఒక చిట్కా చెప్పి వెళ్ళారట. భద్రత సెట్టింగులు ఉండే ట్రస్ట్ సెంటర్‌లో మాక్రో సెట్టింగ్స్‌కు వెళ్ళి ఎనేబుల్ ఆల్ మాక్రోస్, అంటే ఏ మాక్రోనైనా అడగకుండా నడిపేయడం, పెట్టేయమని. ఎలాగూ కూర్చుంటారు కదా అని ఎక్సెల్‌లో కూడా అదే పెట్టమన్నారట. ఎందుకంటే ఈ సెట్టింగ్ ఏ ప్రోగ్రాంలో మారిస్తే ఆ ప్రోగ్రాంకే వర్తిస్తుంది. నేను వెళ్ళింది ఆ మార్పు చేయబోయే రోజే. ఆపించాను.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది. ఆ ఆప్షన్ పక్కనే, ఇది మేము సిఫారసు చేయము, ప్రమాదకరమైన కోడ్ నడవొచ్చు అని మైక్రోసాఫ్ట్ వాళ్ళే రాసి పెట్టారు. మాక్రో అంటే ప్రోగ్రామే. అది ఫైళ్ళు చెరపగలదు, బయట నుంచి ఇంకో ప్రోగ్రాం తెచ్చి నడపగలదు. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ వచ్చింది. ఒక వర్డ్ ఫైల్‌లో మాక్రోగా వచ్చి, తెరిచిన వాళ్ళ అవుట్‌లుక్ అడ్రస్ పుస్తకంలో మొదటి 50 మందికి తనను తానే పంపుకుంది. దొంగ ఇన్‌వాయిస్ ఫైళ్ళు ఈ దారిలోనూ వస్తుంటాయి. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న కంప్యూటర్‌లో ఆ తలుపు తెరిచి పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

మరి ఏం చేయాలి? స్క్రీన్ మీద చూడండి. ముందు సీ డ్రైవ్‌లో కాటా అని ఒక ఫోల్డర్ చేసి, పని చేసే ఫైల్‌ను అందులో పెట్టాను. తర్వాత యాక్సెస్‌లో ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్. అక్కడ ఎడమ వైపు ట్రస్టెడ్ లొకేషన్స్ అని ఉంటుంది. యాడ్ న్యూ లొకేషన్ నొక్కి, బ్రౌజ్‌లో ఆ ఫోల్డర్ చూపించి ఓకే. అంతే. ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్‌ను యాక్సెస్ ఇక అడగదు. మాక్రో సెట్టింగ్స్‌లో మాత్రం డిజేబుల్ విత్ నోటిఫికేషన్, అంటే మాక్రోలను ఆపి పట్టీతో అడగడం, అలాగే ఉండనివ్వండి. బయట నుంచి వచ్చిన ఫైల్‌కు పట్టీ రావాలి. రాకపోతేనే మనం భయపడాలి.

ఏ ఫోల్డర్ పెడుతున్నారో మాత్రం జాగ్రత్త. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ ఇవి పెట్టొద్దు. వాటిలో ఏది వచ్చి పడుతుందో మన చేతిలో ఉండదు. సబ్‌ఫోల్డర్లను కూడా నమ్మమనే టిక్ ఉంటుంది, అవసరం లేకపోతే ముట్టుకోకండి. నాలుగు కంప్యూటర్లలో ఒకే డేటా వాడేవాళ్ళు నెట్‌వర్క్ ఫోల్డర్‌ను నమ్మకమైన చోటుగా పెట్టే బదులు, డేటా ఉండే టేబుల్స్ ఫైల్‌ను సర్వర్‌లో ఉంచి, ఫారాలు, కోడ్ ఉన్న ఫైల్‌ను ప్రతి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. నిదానంగా తెరుచుకునే బాధ కూడా చాలావరకు తగ్గుతుంది.

కొందరికి పసుపు కాదు, ఎర్ర పట్టీ వస్తుంది, ఎనేబుల్ బటనే ఉండదు. అది 2022లో వచ్చిన మార్పు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్‌లో మాక్రోలను ఆఫీస్ నేరుగా ఆపేస్తోంది. ప్రోగ్రాం రాసిచ్చిన మనిషి మెయిల్‌లో కొత్త ఫైల్ పంపితే ఇలా వస్తుంది. ముందు ఆయనకు ఫోన్ చేసి, నువ్వే పంపావా అని అడగండి. అవునంటే ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ అని చిన్న టిక్.

ఆ రోజు కాటా రూంలో ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిచాం. పట్టీ లేదు. ప్రింట్ నొక్కగానే చీటీ వచ్చింది. ట్రాక్టర్ పెద్దాయన చీటీని వెలుతురులో పట్టుకుని బరువు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను బయల్దేరబోతుంటే కుర్రాడు, "రాత్రి షిఫ్ట్ వాళ్ళ లాగిన్ వేరే అన్నా" అని గుర్తుచేశాడు. మంచి మాట అడిగాడు. ట్రస్టెడ్ లొకేషన్ ఏ లాగిన్‌లో పెడితే ఆ లాగిన్‌కే ఉంటుంది. మళ్ళీ కూర్చుని, ఆ లాగిన్‌లో కూడా అదే ఫోల్డర్ చూపించి, ఇంకో చీటీ తీసి చూసుకుని అప్పుడు బస్సు ఎక్కాను.