తల మళ్ళీ మొలిపించి చూపించండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, చోటు దొరక్క గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నా గురించి ఇప్పుడు చెప్పినదాంట్లో సగం కొట్టేసుకోండి, మిగతా సగం నిజమే.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘యాంటీసెన్స్ మందులు, రేపటి వైద్యం’ అని వేశారు. కాబట్టి మందుల ముచ్చట ముందే తీర్చేస్తాను. యాంటీసెన్స్ అంటే, జన్యువు పంపే సందేశానికి అతుక్కుని దాన్ని పనిచెయ్యనివ్వని చిన్న ముక్క. 1998లో కంటిని తినేసే ఒక వైరస్ జబ్బుకి ఫోమివిర్సెన్ వచ్చింది. అమెరికాలో అనుమతి పొందిన మొదటి యాంటీసెన్స్ మందు అది. 2023లో, కండరాలని నడిపే నరాలు చచ్చిపోయే ఏఎల్ఎస్ జబ్బులో ఒక రకానికి టోఫర్సెన్ వచ్చింది. అయిపోయింది. ఇక నేను కప్ప దగ్గరికి పోతాను, మీరూ రండి.

జెనోపస్ కప్ప గుడ్డు మిల్లీమీటరుకి కాస్త పైన ఉంటుంది. ఫలదీకరణ అయ్యాక ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా పన్నెండు చీలికలు అయ్యి, దాదాపు 4,000 కణాలు వచ్చేదాకా పిండం తన సొంత జన్యువుల జోలికి దాదాపు పోదు. న్యూపోర్ట్, కిర్ష్‌నర్ 1982లో చూపించిన సంగతి ఇది. మరి అప్పటిదాకా ఇల్లు నడిపేదెవరు? తల్లి. గుడ్డు అండాశయంలో పెరుగుతున్నప్పుడే ఎంఆర్‌ఎన్‌ఏలు, అంటే ఏ ప్రోటీను చెయ్యాలో చెప్పే జన్యువుల నకళ్ళు, తయారుచేసి లోపల సర్దిపెట్టింది. వెజ్‌టి లాంటి కొన్నింటినైతే గుడ్డు కింది సగంలోనే దాచింది. అమ్మ ఊరికెళ్తూ చీటీలు రాసిపెట్టినట్టు.

పిండంలో జన్యువుని చెడగొట్టినా ఈ చీటీలు చెక్కుచెదరవు. అవి ముందే రాసేసి ఉన్నాయి. అందుకని చీటీనే చింపాలి.

చింపడం ఎలా? ఆ ఎంఆర్‌ఎన్‌ఏలో ఒక చోటికి సరిగ్గా జతపడే డీఎన్‌ఏ ముక్క, పద్దెనిమిది అక్షరాలు అటూఇటూగా, తయారుచేసి గుడ్డులోకి సూదితో ఎక్కిస్తాం. ఈ ముక్కనే ఆలిగో అంటాం. అది పోయి అతుక్కుంటుంది. ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ అనే ఎంజైము డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ జంటగా కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏని కోసేస్తుంది, డీఎన్‌ఏని వదిలేస్తుంది. కత్తెర గుడ్డులోనే ఉందన్నమాట! ఎక్కడ కోయాలో గుర్తు పెట్టడమే మన పని. 1988లో సగాటా బృందం సి-మాస్ అనే జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏని ఇలా దెబ్బతీస్తే, పక్వం చేసే హార్మోను ప్రొజెస్టరాన్ ఇచ్చినా అండకణం, అంటే ఇంకా పండని గుడ్డు, పక్వానికి రాలేదు.

చెప్పడం తేలిక. చెయ్యడం అడక్కండి. అడక్కపోయినా చెప్తాను. అండకణాల చుట్టూ ఉన్న పొరని సూక్ష్మదర్శిని కింద చిమటాతో ఒక్కొక్కటే ఒలవాలి, మెడ పట్టేసేదాకా. సూది వెయ్యాలి, ఆలిగో పని చేసేదాకా ఆగాలి, ప్రొజెస్టరాన్‌తో పక్వం చెయ్యాలి. ఆ తర్వాత కూడా వీర్యకణం దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే జిగురుపొర లేదు. ఆ పొర పట్టేది అండవాహికలో. అందుకని రంగులద్ది, గుడ్లు పెట్టబోతున్న మరో ఆడకప్ప కడుపులోకి చేర్చి కుట్టేస్తాం. అది తన గుడ్లతో పాటు మన గుడ్లనీ పెడుతుంది. ఏ రంగు ఏ ప్రయోగమో పుస్తకంలో చూసుకుని ఏరుకోవాలి. ఆ పుస్తకం పోయిందా, మీ పని అయిపోయినట్టే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఈ ఒక్కటీ చెప్పనివ్వండి, నేను వచ్చింది దీనికోసమే.

నా పరిశోధన రోజుల్లో ఒక ఆలిగో ఎక్కిస్తే తలలేని పిండాలు వచ్చాయి. ఎన్నిసార్లు చేసినా అవే. ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచాను, పోయింది. సంబరపడిపోయాను. రెండేళ్ళు దాని మీదే బతికాను. వ్యాసం రాసేశాం. చివర్లో, ఎవరైనా అడుగుతారేమోనని, అవే అక్షరాలు కలగాపులగం చేసిన ఆలిగో ఒకటి ఎక్కించాను. దానికి గుడ్డులో జతపడే చోటే లేదు. అయినా తలలేని పిండాలే!

మా గురువుగారు ‘ఆ ఒక్క ప్రయోగం వదిలెయ్’ అన్నారు. పేరు చెప్పను.

వదల్లేదు. రెండు ఆలిగోలూ పక్కపక్కన రాసి చూస్తే రెండింట్లోనూ నాలుగు ‘జి’ అక్షరాలు వరసగా ఉన్నాయి. అలాంటి వరసలు ఒకదానికొకటి ముడిపడి, సంబంధం లేని ప్రోటీన్లకి అంటుకుంటాయి. అదే ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఇంకో చోటికి, ఆ వరస లేకుండా, కొత్త ఆలిగో చేయించాను. ఎంఆర్‌ఎన్‌ఏ అంతే శుభ్రంగా పోయింది. పిండాలు మాత్రం హాయిగా తలలు పెట్టుకుని ఈదుకుంటూ పోయాయి. ఆ చీటీతో తలకి పని లేదేమో, లేకపోతే దాని ప్రోటీను ముందే గుడ్డులో నిల్వ ఉందేమో. చీటీ చింపితే చీటీయే పోతుంది, చేసేసిన పని పోదు కదా.

ఇదిగో, మీరంతా వెన్నెల్లాంటి స్లైడ్లు తయారుచేస్తారు. ‘ఆలిగో ఎక్కించాం, పిండం చెడింది, కాబట్టి ఈ జన్యువు ముఖ్యం.’ బాబూ, అమ్మా, గుడ్డులోకి ఏది ఎక్కించినా చెడుతుంది! పిండం చెడగొట్టడానికి చదువెందుకు?

1994లో హీస్‌మన్ బృందం ఏం చేసిందో చూడండి. తల్లి పెట్టిన, బీటా-కెటెనిన్ అనే ప్రోటీను ఎంఆర్‌ఎన్‌ఏని తీసేస్తే పిండానికి వీపు వైపు భాగాలే రాలేదు. వాళ్ళు అక్కడ ఆగలేదు. బీటా-కెటెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏనే బయట తయారుచేసి తిరిగి ఎక్కించారు. పిండం కోలుకుంది. దాన్ని అంటారు ప్రయోగమని. ఆలిగో విషమై చంపి ఉంటే, ఎంఆర్‌ఎన్‌ఏ తిరిగిచ్చినంత మాత్రాన బతికేది కాదు.

నిర్వాహకుల్ని ఒకటి అడుగుతున్నాను. మధ్యాహ్నం పోస్టర్లకి బహుమతులిస్తారట. ఎంఆర్‌ఎన్‌ఏ తిరిగి ఎక్కించి చూపించని యాంటీసెన్స్ పోస్టరుకి ఈసారి మొదటి బహుమతి ఇవ్వకండి. నన్ను న్యాయనిర్ణేతగా వేశారు కాబట్టి ముందే చెప్తున్నాను, నేనైతే ఇవ్వను.

ఇప్పుడు లైట్లు ఆర్పించండి. నా దగ్గరున్నవి రెండే స్లైడ్లు, రెండూ ఆ తలలేని పిండాలవే. ఏది అసలు ఆలిగోదో, ఏది కలగాపులగానిదో మీరే చెప్పండి.